విజయవాడ లెక్చరర్, ఇంగ్లాండ్ ఇయర్ 9 క్లాసు: ఒక మెంటర్ రాసిన కేస్ స్టడీ

ఈ కేసులోని టీచర్‌ని మాస్టారు అనే పిలుస్తాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ. మొదట కొన్నేళ్లు హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు చెప్పారు. ఆ తర్వాత విజయవాడలో కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఎంపీసీ సెక్షన్లకు చెప్పారు. 2023 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్‌కు దగ్గర్లోని ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో సైన్స్ టీచర్‌గా చేరారు. నేను అదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. కొత్తగా వచ్చిన టీచర్లకు మెంటర్‌గా ఉండటం కూడా నా డ్యూటీయే. ఇదంతా ఆయనకు చూపించి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాను.

ఇంగ్లాండ్‌లో ఫిజిక్స్ టీచర్లకు చాలాకాలంగా కరువు. 2023-24లో ఫిజిక్స్ టీచర్ ట్రైనింగ్‌కి ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యంలో 17 శాతం మందే చేరారు. 2023 ఫిబ్రవరి నుంచి ఇండియాతో పాటు మరికొన్ని దేశాల టీచర్లు తమ సొంత అర్హతలతోనే ఇక్కడి క్యూటీఎస్‌కి, అంటే అర్హత గల టీచర్ హోదాకి, అప్లై చేసుకునే వీలు కల్పించారు. మన దేశం నుంచైతే 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్స్, భాషలు చెప్పేవాళ్లకే ఆ అవకాశం. మాస్టారు ఆ దారిలో వచ్చినవారే. కాగితాల పని అంతా అయిపోయింది, సబ్జెక్టు మీద గట్టి పట్టుంది, ఇంటర్వ్యూలో అందరికీ నచ్చారు. ఆయనకు సాయం అవసరమవుతుందని ఆగస్టులో మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ అనుకోలేదు.

ఇచ్చిన టైమ్‌టేబుల్లో ఇయర్ 7 నుంచి ఇయర్ 11 వరకు అన్నీ ఉన్నాయి. ఇయర్ 7 అంటే పదకొండేళ్లు నిండి వచ్చే పిల్లలు, ఇయర్ 11 అంటే పదహారేళ్ల వయసులో జీసీఎస్‌ఈ పరీక్షలు, అంటే మన పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లాంటివి, రాసేవాళ్లు. ఒక్కో పీరియడ్ గంట, క్లాసుకి ముప్పై మంది. రెండో వారం చివర ఆయన నా దగ్గరికి వచ్చి చెప్పిన మాట ఇది:

"మా దగ్గర సెక్షన్‌కి ఎనభై మంది ఉండేవాళ్లు మేడమ్. నేను లోపలికి వెళ్తే చీమ చిటుక్కుమన్నా వినపడేది. ఇక్కడ ముప్పై మందిని ఆపలేకపోతున్నాను."

అప్పటికి స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒక కారణం తేల్చేశారు: యాస. పిల్లలకు ఆయన ఇంగ్లీషు అందడం లేదు, అందుకే అల్లరి. మర్యాదగానే అన్నారు, సాయం చేద్దామనే అన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అదే మనిషి, అదే యాస, అదే వారంలో ఇయర్ 11 టాప్ సెట్‌కి, అంటే బాగా చదివే పిల్లల గ్రూపుకి, పాఠం చెబితే పిల్లలు గంట కొట్టాక కూడా ఆగి ప్రశ్నలు అడుగుతున్నారు. యాసే అడ్డమైతే అక్కడా అడ్డం రావాలి కదా. అందుకే ఇయర్ 9 క్లాసులో, మూడో పీరియడ్‌లో, వెనక బల్ల దగ్గర కూర్చుని టైముతో సహా నోట్ చేసుకున్నాను.

క్లాసులో చూసింది

11.20. బెల్ అయింది. మాస్టారు బోర్డు వైపు తిరిగి తేదీ, పాఠం పేరు రాస్తున్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది.

11.20 నుంచి 11.25 దాకా పిల్లలు ఇద్దరు ముగ్గురుగా వస్తూనే ఉన్నారు. ఎవరూ కోటు తీయలేదు. ఇద్దరు అబ్బాయిలు సీట్లు మార్చుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. ఒకమ్మాయి పెన్ను కావాలంది. ఎందుకు తెచ్చుకోలేదని మాస్టారు అడిగారు. ఆ అమ్మాయి కారణం చెప్పింది. ఆయన దానికి జవాబు చెప్పారు. ఈలోగా ఇంకొకడు గ్లూ స్టిక్ అడిగాడు.

11.29. రిజిస్టర్ తీసుకోవడం మొదలైంది. ఒక్కో పేరు పిలవడం, ఆ పేరు పలికిన తీరుకి వెనక బెంచీల్లో నవ్వు.

11.32 నుంచి 11.53 దాకా ఓమ్ నియమం. వివరణ అద్భుతంగా ఉంది, ఇది మొహమాటానికి అంటున్నది కాదు. మొదటి ఆరేడు నిమిషాలు క్లాసు నిజంగానే విన్నది. తర్వాత వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఆయన ఆగలేదు, గొంతు పెంచారు. వాళ్లూ పెంచారు. "సైలెన్స్" అని రెండుసార్లు అరిచారు, రెండుసార్లూ అర నిమిషం నిశ్శబ్దం. 11.50కి ఒక అబ్బాయిని "గెట్ అవుట్" అని బయటికి పంపించారు. వాడు కారిడార్‌లో నిలబడి, తలుపు అద్దంలోంచి మొహాలు పెట్టి మిగతావాళ్లను నవ్వించాడు. మిగిలిన అరగంటలో జరిగింది డిక్టేషన్.

బయటికి వెళ్తున్న కొందరు పిల్లల్ని ఆపి, "సార్ మిమ్మల్ని ఏం చేయమన్నారు?" అని అడిగాను. "రాసుకోమన్నారు" అన్నారు. అంతకు మించి ఆయన నిజంగానే ఏమీ చేయమనలేదు. ఆయన మాట వాళ్లకు అర్థమైంది. వాళ్లకు పనే లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. ఈ స్కూల్లో ఒక వరుస ఉంది: మొదటిసారి వార్నింగ్, బోర్డు మీద పేరు. రెండోసారి పేరు పక్కన టిక్కు, డిటెన్షన్. మూడోసారి ఆన్‌కాల్‌లో ఉన్న సీనియర్ టీచర్‌ని పిలిస్తే వచ్చి పిల్లవాణ్ని వేరే గదికి తీసుకెళ్తారు. ప్రతిదీ అదే రోజు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆ వరుసలో ఒక్క మెట్టు కూడా మాస్టారు వాడలేదు. ఎందుకని అడిగాను.

"పిలిస్తే ఏమనుకుంటారు? ఈయన వల్ల కావడం లేదనేగా? మా కాలేజీలో పిల్లాణ్ని తీసుకెళ్లి ప్రిన్సిపాల్ ముందు నిలబెట్టే లెక్చరర్‌కి విలువుండదు మేడమ్. క్లాసు ఎవరికి వారే చూసుకోవాలి."

ఈ కేసు మొత్తం ఆ జవాబులోనే ఉంది. యాస, కల్చర్ షాక్, ఈ తరం పిల్లలు అంటూ ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఆయన మనసులో ఉన్న లెక్క ఇది: క్లాసు నిశ్శబ్దంగా ఉంటే అది టీచర్ గొప్ప, గోలగా ఉంటే టీచర్ చేతకానితనం, ఇంకొకరి సాయం తీసుకుంటే పరువు తక్కువ. స్కూలు లెక్క దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. ఇక్కడ ఆన్‌కాల్‌ని పిలవని టీచరే ఇబ్బంది. మూడో పీరియడ్‌లో ఊరుకున్న అల్లరి నాలుగో పీరియడ్‌లో పక్క గదికి వెళ్తుంది.

నేను ఆయన్ని ఒకటే అడిగాను: "మాస్టారూ, మీ కాలేజీలో కారిడార్‌లో తిరిగే ఆ ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ ఎవరు?"

కార్పొరేట్ కాలేజీల్లో చదివినవాళ్లకి, చెప్పినవాళ్లకి ఈ మనిషి గురించి వివరించక్కర్లేదు. కిటికీలోంచి ఆయన నీడ కనపడితే చాలు, తలలు పుస్తకాల్లోకి వెళ్తాయి. ఆయన వెనక వీకెండ్ టెస్టు, ఆ మార్కులు ఇంటికి వెళ్లే మెసేజ్, హాస్టల్ వార్డెన్, లక్షల్లో ఫీజు కట్టిన నాన్న. ఎనభై మంది నోరు మూయించింది ఇంతమంది. లెక్చరర్ లోపలికి వచ్చేసరికి ఆ పని ఎప్పుడో పూర్తయి ఉండేది. మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే ఆన్‌కాల్ అంటే మన ఫ్లోర్ ఇన్‌ఛార్జే అంటారా?" అన్నారు. అంతే అన్నాను. పిలిస్తే వస్తాడు, పిలవకపోతే రాడు, తేడా అదొక్కటే.

ఏం మార్చాం

మెంటర్లం సాధారణంగా ఇలాంటి చోట పది సలహాలున్న కాగితం చేతిలో పెడతాం. కొత్త టీచర్ దాన్ని ఫైల్లో పెట్టుకుంటారు. ఈసారి నేను పీరియడ్‌లో మొదటి పది నిమిషాల జోలికి మాత్రమే వెళ్లాను. మిగతా యాభై నిమిషాలు ఆయనిష్టం అన్నాను.

బెల్ కొట్టేసరికి బోర్డు మీద ఐదు చిన్న ప్రశ్నలు ఉండాలి: మూడు నిన్నటి పాఠంవి, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన ఏడాదిది. మాస్టారు గుమ్మంలో, ఒక కాలు కారిడార్‌లో, ఒక కాలు క్లాసులో పెట్టి నిలబడాలి. అక్కడి నుంచి అయితే రెండు వైపులా కనపడుతుంది. లోపలికి వచ్చే ఒక్కొక్కరినీ పలకరించాలి. పెన్ను లేదంటే ఎందుకు లేదని అడగకుండా డబ్బాలోంచి తీసి ఇచ్చేయాలి, విచారణ తర్వాత. పిల్లలు ఐదు ప్రశ్నలూ రాస్తుండగా ఫోటోలున్న సీటింగ్ ప్లాన్ చూసుకుంటూ, ఒక్క పేరూ పిలవకుండా రిజిస్టర్ పూర్తి చేయాలి. ఎవరైనా మాట్లాడితే మాటలు పెంచుకోకుండా పేరు బోర్డు మీద పెట్టి పని కొనసాగించాలి.

ఇది చదివితే చిన్నపిల్లలకు చెప్పినట్టుంటుంది. ఆయనకీ అలాగే అనిపించింది. స్కూలు వదిలాక ఖాళీ ల్యాబ్‌లో రిహార్సల్ చేద్దామంటే ఇబ్బందిపడ్డారు. నేను, మా ల్యాబ్ టెక్నీషియన్ పిల్లల్లా లోపలికి వచ్చాం. టెక్నీషియన్ ఇరవై ఏళ్లుగా ఈ పిల్లల్ని చూస్తున్న మనిషి, నటనలో ఏ లోటూ చేయలేదు. కోటు విప్పడు, పెన్ను లేదంటాడు, టాయిలెట్‌కి వెళ్లాలంటాడు. మూడో రౌండ్‌కి మాస్టారికి నవ్వు ఆగలేదు. నాలుగో రౌండ్‌కి చేయి దానంతట అదే పెన్నుల డబ్బా వైపు వెళ్లింది. నాకు కావాల్సింది అదే. అక్కడ ఆలోచించాల్సిన పని ఉండకూడదు, ఆలోచనంతా ఫిజిక్స్‌కి మిగలాలి.

రెండో మార్పు నేను చెప్పలేదు, మినీ వైట్‌బోర్డులు చెప్పాయి. ఇవి పలక సైజు తెల్ల బోర్డులు, పిల్లకొకటి. ప్రశ్న అడిగితే అందరూ జవాబు రాసి, "షో మీ" అనగానే ఒకేసారి పైకెత్తుతారు. మాస్టారికి ఇవి ప్రైమరీ స్కూలు వస్తువుల్లా కనిపించాయి. కరెంటు పాఠం రోజు మొహమాటానికి ఒక ప్రశ్న వేశారు: ఒక బ్యాటరీ, ఒక బల్బు, కరెంటు కొలవడానికి బల్బుకి ముందు ఏ1, తర్వాత ఏ2 అని రెండు అమ్మీటర్లు. ఏ1 ఎక్కువా, ఏ2 ఎక్కువా, రెండూ సమానమా?

సిరీస్ సర్క్యూట్‌లో కరెంటు అన్నిచోట్లా ఒకటే. ఆ మాట ఆయన పది నిమిషాల ముందే చెప్పారు, పిల్లలు రాసుకున్నారు కూడా. బోర్డులు పైకి లేచాయి. సగానికి పైగా బోర్డుల మీద ఏ1 ఎక్కువ. బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుందని వాళ్ల నమ్మకం. ఇది ప్రపంచంలో ఏ దేశంలోనైనా పిల్లలు చేసే పొరపాటే, విజయవాడలోనూ చేస్తారు. అక్కడైతే ఆదివారం టెస్టు అయి, ఓఎంఆర్ షీట్లు దిద్దాక తెలిసేది. ఇక్కడ అర నిమిషంలో కళ్లముందు నిలబడింది.

మాస్టారు ఆ బోర్డుల వంక చూస్తూ ఉండిపోయారు. పాఠం ఆపేసి, నిజం అమ్మీటర్లు రెండు తెప్పించి, ఏ1 ఎక్కువన్న ఒక అమ్మాయినే పిలిచి రీడింగులు చదివించారు. రెండూ ఒకటే. "మీటర్ పాడైంది సార్" అంది. మీటర్లు అటూ ఇటూ మార్చి చూపించారు. మళ్లీ ఒకటే. క్లాసంతా ఆ అమ్మాయి ఏమంటుందా అని చూస్తోంది. ఆ పీరియడ్‌లో ఎవరి పేరూ బోర్డు మీదికి ఎక్కలేదు. అప్పటి నుంచి ఆయన ఎనిమిదీ పది నిమిషాలకు మించి ఏకధాటిగా మాట్లాడటం నేను చూడలేదు. బోర్డులు ఎత్తించకుండా ముందుకు వెళ్లాలంటే ఆయనకే తోచదు.

ప్రాక్టికల్స్ గురించి కొంచెం. మన ఇంటర్‌లో ప్రాక్టికల్స్ ఎప్పుడు, ఎలా జరుగుతాయో అందరికీ తెలిసిందే, ఆ చర్చ వద్దు. ఇక్కడ అవి ఏడాది పొడవునా ఉంటాయి, ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు జీసీఎస్‌ఈ ఫిజిక్స్‌లో తప్పనిసరిగా చేయించాల్సినవే పది. ఏ సామాను ఎన్ని కావాలో టెక్నీషియన్‌కి కొన్ని రోజుల ముందే రాసివ్వాలి. సీఎల్‌ఈఏపీఎస్‌ఎస్ అనే సంస్థ ఇచ్చే భద్రతా సూచనలు చూసుకోవాలి. తీగ పొడవు పెరిగితే రెసిస్టెన్స్ ఎలా పెరుగుతుందో చూసే ప్రయోగంలో తీగ వేడెక్కుతుంది, వోల్టేజ్ తక్కువలో ఉంచాలి, రీడింగ్ తీసుకోగానే స్విచ్ ఆపాలి. ఇవన్నీ మాస్టారు చదువుకునే వచ్చారు. ఆయన చదవనిది ఒకటే: క్రొకడైల్ క్లిప్పులు. పీరియడ్ అయ్యాక చూస్తే సగం లేవు, కొన్ని పిల్లల టైలకు వేలాడుతూ కారిడార్‌లో కనిపించాయి. ఇప్పుడు ట్రేకి ఎన్ని ఇచ్చారో బోర్డు మీద రాస్తారు, లెక్క సరిపోయేదాకా ఎవర్నీ కదలనివ్వరు.

ఆగకూడని చోటు

పైవన్నీ నిదానంగా నేర్చుకోవచ్చు. ఒక విషయంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు.

నాలుగో వారంలో ఒక విద్యార్థి క్లాసు అయ్యాక ఆగి, ఇంట్లో జరుగుతున్న సంగతి ఒకటి చెప్పబోయి, "ఎవరికీ చెప్పొద్దు సార్" అన్నాడు. "చెప్పనులే, నాతో చెప్పు" అన్నారు మాస్టారు. విన్నారు, ధైర్యం చెప్పారు. కాసేపటికి మనసు ఊరుకోక నా దగ్గరికి వచ్చారు. ఉన్నపళంగా డీఎస్‌ఎల్ దగ్గరికి తీసుకెళ్లాను. పిల్లల రక్షణ బాధ్యత చూసే అధికారి ఆయనే, ప్రతి స్కూల్లోనూ ఒకరు ఉండి తీరాలి. పిల్లవాడు వాడిన మాటలు వాడినట్టే, టైము, తేదీ వేసి రాసివ్వాలి. అడ్డు ప్రశ్నలు వేయకూడదు, మనమే విచారణ చేయకూడదు, రహస్యంగా ఉంచుతానని మాటివ్వకూడదు. పిల్లల రక్షణ గురించిన ప్రభుత్వ డాక్యుమెంట్‌లో మొదటి భాగాన్ని పిల్లలతో నేరుగా పనిచేసే స్టాఫ్ అందరూ చదవాలి. మాస్టారూ చదివి సంతకం పెట్టారు. కానీ కన్నీళ్లు పెట్టుకుంటున్న పిల్లవాడు ఎదురుగా నిలబడితే నోటికి వచ్చేది డాక్యుమెంట్ కాదు, మన ఊళ్లో మన మాస్టార్లు మనతో అన్న మాట. అందుకే ఇప్పుడు నేను ఈ వాక్యాన్ని మొదటి రోజే కొత్తవాళ్ల చేత పైకి అనిపిస్తున్నాను: "నువ్వు చెప్పేది వింటాను. నీకు సాయం చేయగలిగినవాళ్లకి మాత్రం చెప్పాల్సి రావచ్చు."

ఇదే వరుసలోవి ఇంకొన్ని. డౌట్లు ఉంటే ఫోన్ చేయమని పిల్లలకు నంబర్ ఇవ్వడం మన దగ్గర మంచి లెక్చరర్ లక్షణం. ఇక్కడ ఉద్యోగానికే ముప్పు. వాట్సాప్ గ్రూపు పెట్టడం, తలుపు వేసి ఒక్కరికే పాఠం చెప్పడం కూడా అంతే. ప్రేమ లేక కాదు ఈ నియమాలు. మాస్టారు వీటి గురించి నాతో కొంచెం వాదించారు. వాదించడమే మంచిదైంది, తలూపి వెళ్లిపోయేవాళ్లే మర్చిపోతారు.

స్కూలు బయట

ఇది క్లుప్తంగా చెబుతాను, ఇంగ్లాండ్ వచ్చిన మనవాళ్లందరి కథే. మొదటి జీతం నెలాఖరుకి. ఇంటి ఓనర్లకు ఇక్కడి క్రెడిట్ హిస్టరీ కావాలి, కొత్తవాళ్లకు అదెక్కడిది? భార్య, పాప డిసెంబర్లో వస్తారు. రాత్రి తొమ్మిదింటికి పాపకి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి దాటింది. వీటివల్ల పాఠం చెడలేదు కానీ, పాఠం చెడిన రోజు సాయంత్రాలు చాలా పొడుగయ్యాయి. మాకు పక్క టౌన్‌లో తెలుగువాళ్లు ఉన్నారు, ఒక ఆదివారం భోజనానికి తీసుకెళ్లాను. మెంటర్ పని జాబితాలో అది లేదు. ఉండాలని నా అభిప్రాయం.

హాఫ్ టర్మ్ నాటికి

అక్టోబర్ చివర సెలవులకు ముందు అదే ఇయర్ 9 క్లాసుకి మళ్లీ వెళ్లాను. బెల్ అయిన మూడో నిమిషానికి అందరూ రాస్తున్నారు. రిజిస్టర్ అయిపోయింది, ఒక్క పేరూ వినపడలేదు. ఇద్దరి పేర్లు బోర్డు మీద ఉన్నాయి, ఒకదాని పక్కన టిక్కు. ఆ వారంలో మాస్టారు ఆన్‌కాల్‌ని పిలిచారు కూడా. వచ్చిన డిప్యూటీ హెడ్ ఏమీ అనకుండా పిల్లవాణ్ని తీసుకెళ్లిపోయాడని, ఆ రోజు మధ్యాహ్నం కాఫీ దగ్గర దాని ఊసే ఎత్తలేదని మాస్టారు ఆశ్చర్యంగా చెప్పారు.

కుదరనివి ఉన్నాయి. శుక్రవారం ఆఖరి పీరియడ్ ఇప్పటికీ కష్టమే, అది ఇరవై ఏళ్ల సర్వీసున్నవాళ్లకీ కష్టమే. అంతకంటే నన్ను ఇబ్బందిపెట్టింది టీఏ సంగతి. ఆ క్లాసులో ప్రత్యేక అవసరాలున్న ఒక పిల్లవాడి కోసం ఒక టీచింగ్ అసిస్టెంట్ వస్తారు. మాస్టారు ఆవిణ్ణి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారిలా చూస్తున్నారు. రాగానే కుర్చీ వేస్తారు, నమస్కరించినంత పని చేస్తారు, పని మాత్రం చెప్పరు. పెద్దావిడకి నేనెలా పని చెప్పనని ఆయన సంకోచం. ఆవిడేమో గంటసేపు ఏం చేయాలో తోచక ఆ పిల్లవాడి నోట్సు తనే రాసిపెడుతున్నారు. పీరియడ్‌కి ముందురోజే ఆవిడకి రెండు లైన్ల ఈమెయిల్ పంపాలని అనుకున్నాం: రేపు ఏ పాఠం, ఆ పిల్లవాడు ఏ పని సొంతంగా చేయాలి. హాఫ్ టర్మ్ తర్వాత ముందు చూడాల్సింది ఇదే.

ఈ కేసుని అన్నిచోట్లా వాడొద్దు. మాస్టారి ఇంగ్లీషు బాగుంది, సబ్జెక్టు బాగుంది, అన్నిటికంటే ముఖ్యంగా మా స్కూల్లో ఆన్‌కాల్ బటన్ నొక్కితే మనిషి వస్తాడు. రాని స్కూళ్లున్నాయి. అక్కడ చేరిన టీచర్‌కి గుమ్మం దగ్గర నిలబడమని చెప్పి లాభం లేదు. ఇంటర్వ్యూకి వెళ్లే మనవాళ్లు జీతం, వీసా అడిగాక ఈ ప్రశ్న కూడా అడగాలి: పిల్లవాడు మూడోసారి మాట వినకపోతే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు? వీలైతే అదే ప్రశ్న మీకు స్కూలంతా తిప్పి చూపించే పిల్లల్ని కూడా అడగండి. పిల్లలు ఉన్నదున్నట్టు చెప్తారు.

టైమ్‌టేబుల్ విషయంలో మా డిపార్ట్‌మెంట్ ఒక నిర్ణయం తీసుకుంది. విదేశం నుంచి కొత్తగా వచ్చే టీచర్‌కి మొదటి టర్మ్‌లో ఐదు ఇయర్ గ్రూపులు ఇవ్వం. ఒకే ఇయర్‌లో రెండు మూడు సమాన సెట్లు ఇస్తాం. సోమవారం చెడిన పాఠాన్ని మంగళవారం ఇంకో సెట్‌కి సరిచేసి చెప్పుకునే వీలుంటుంది. మాస్టారికి జనవరి నుంచి ఇయర్ 9లో రెండో సెట్ కూడా ఇస్తున్నాం. అడిగింది ఆయనే.